పల్లె గ్రంథాలయమును క్రొత్త చదువు సాధనములును

మన నరసరావుపేట ప్రాంతమున ప్రత్తి కాయ పట్టు దినములలో రైతు ఉదయముననే చేనికి పోయి కాయ నొకదానిని చీల్చి చూచును. లోపల గులాబి రంగు పురుగు కనబడును. పూర్వమైనచో ఊరిలో అనుభవశాలి యగు పెద్దరైతు నడిగెడివాడు; లేనిచో పేటకు పోయి మందుల దుకాణమువారు చెప్పినది విని వచ్చెడివాడు. ఇప్పుడు గట్టుపై నిలువబడియే జేబులోని ఫోను తీయును. నిమిషములో పది సలహాలు వచ్చి పడును. ఒకరు ఈ మందు కొట్టుమందురు. వేఱొకరు ఆ మందు కొట్టుమందురు. చెప్పినవా రెవరో తెలియదు. ఏ సంవత్సరమున చెప్పిరో తెలియదు. ఏ నేలను చూచి చెప్పిరో అంతకన్న తెలియదు. మందు ఖర్చు మాత్రము రైతుదే. పంట పోయినచో నష్టమును రైతుదే.

అదే ఊరిలో రచ్చబండకు సమీపమున గ్రంథాలయపు గది యొకటి యుండవచ్చును. బల్లపై దినపత్రికలు, గోడ ప్రక్కన బీరువా, బీరువాలో పుస్తకములు. ఆ బీరువా తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో ఊరిలో పలువు రెఱుగరు. తెఱచి చూచినచో వ్యవసాయమును గూర్చిన పుస్తకములు నాలుగైదు కనబడును గాని, వానిలో క్రొత్తది యెన్నడు చేరినదో చెప్పుట కష్టము. చేతిలో నున్న సాధనమును నమ్ముటకు వీలులేదు. నమ్మదగిన గ్రంథము చేతి కందదు. మన రైతు ఈ రెంటి నడుమ నిలిచి యున్నాడు.

ఫోను వచ్చిన తరువాత గ్రంథాలయ మేల యని మన సభ్యులలో కొందఱు మమ్ము నడుగుచున్నారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము చెప్పుటకు ముందు, చదువు సాధనములు మాఱుట మన కిదియే మొదటిసారియా యని విచారింతము.

పల్నాటి కథ మార్చిన వేషములు

దూరము పోనక్కరలేదు. మన పల్నాటి వీరుల కథనే తీసికొందము. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు మన సీమలో ఎఱుగని బిడ్డ లేడు. ఈ కథ తొలుత పుస్తకము కాదు, పాట. కారెంపూడిలో కార్తిక మాసమున జరుగు వీరారాధనోత్సవములందు వీరవిద్యావంతులు నేటికిని దీనిని గానము చేయుచున్నారు. పిమ్మట శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద రూపమున తాటియాకుల కెక్కినది. 1911 వ సంవత్సరమున అక్కిరాజు ఉమాకాంతము గారు దానిని పరిష్కరించి అచ్చొత్తించిరి. అంతవఱకు ఏ కొలది మంది యిండ్లలోనో తాళపత్రములుగ నున్న కథ, నాటితో వెలయిచ్చి కొనగల ప్రతివాని సొత్తయ్యెను. అటుపిమ్మట జీన్ రోఘైర్ అను అమెరికా పండితుడు పల్నాటికి వచ్చి, గాయకుని నోట వెలువడిన కథను టేపుపై పట్టి, ఆంగ్లమున వివరించి 1982 లో గ్రంథముగ ప్రకటించెను.

కంఠము, తాటియాకు, అచ్చు కాగితము, టేపు: ఇన్ని వేషములు మార్చినను కథ చెడలేదు. అచ్చు వచ్చినదని గాయకుడు నోరు మూసికొనలేదు. టేపు వచ్చినదని పుస్తకము మూలపడలేదు. క్రొత్త సాధనము వచ్చినప్పుడెల్ల కథను చేరుకొనగలవారి సంఖ్య మాత్రము పెరిగినది. తాటియాకును పట్టుకొని అచ్చును వలదన్నవారు ఎంత పొరపడియుందురో, నేడు పుస్తకమును పట్టుకొని ఫోనును వలదన్నవారును అంతయే పొరపడుదురు. అట్లే, ఫోను చాలును బీరువా యక్కరలేదన్నవారి మాటయు సరికాదు. ఏలయనగా ఆ తాటియాకులను ఎవరో ఒకరు భద్రపఱచి యుండనిచో 1911 లో అచ్చు వేయుట కేమియు మిగిలియుండెడిది కాదు.

పాఠకుని వెదకికొని పోయిన గ్రంథాలయములు

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును సహకారోద్యమమును దాదాపు ఒక యీడు బిడ్డలు. సహకార పరపతి సంఘముల చట్టము 1904 లో పుట్టెను. 1914 ఏప్రిల్ 10 వ తేదీని బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రథమ మహాసభ చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి యధ్యక్షతన జరిగెను. ఆ సభకు ప్రాణమైనవారు అయ్యంకి వేంకటరమణయ్య గారు. అప్పటికి మూడేండ్లకు ముందే, 1911 లో, బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసియుండెను. 1918 లో వేటపాలెమున సారస్వత నికేతనము స్థాపింపబడెను. నేడును పాత పత్రికలు చూడగోరు పండితులు దూరదేశములనుండి అచ్చటికి వచ్చుచుందురు.

ఆ పెద్దలు గ్రంథాలయమనగా పుస్తకముల కొట్టని తలంపలేదు. చదువురాని రైతునకు పత్రిక చదివి వినిపించిరి. రాత్రి పాఠశాలలు నడపిరి. అంతటితో ఊరకుండలేదు. 1935 లో మన గుంటూరు మండలమునందే పెదపాలెమున పాతూరి నాగభూషణము గారు పుస్తకములను పడవ కెక్కించిరి. పెదవడ్లపూడికిని కొల్లిపరకును నడుమ కృష్ణ కాలువపై ఆ పడవ సాగుచు గట్టువెంట గ్రామముల రేవులలో ఆగుచుండెను. గ్రామస్థులు రేవునకు వచ్చి పుస్తకములు తీసికొనెడివారు. ప్రధానముగ సాగునీటికై ఏర్పడిన కాలువ పుస్తకములకు త్రోవయైనది.

ఈ ఉదంతమున మనకొక పాఠము కలదు. నాటి కార్యకర్తలు కాలువ వచ్చినది, ఇక గ్రంథాలయ మేల యని యనలేదు. కాలువ వచ్చినది గనుక దానిపై గ్రంథాలయమును నడపుద మనిరి. ఆనాడు ఆ పడవ మన మెట్ట సీమకు రాగల వీలు లేకుండెను. నాగార్జునసాగరము కుడికాలువకు 1967 లో గాని నీరు వదలలేదు. నేడు ఫోనునందు ప్రవహించు కాలువకు పల్లము, మెట్ట యను భేదము తక్కువ. అది కోటప్పకొండ చుట్టుప్రక్కల చేలగట్టులకును వచ్చుచున్నది. దానిపై మంచి పుస్తకమును ఎక్కించు పడవవాడే కావలసియున్నాడు.

మన యెనిమిది పైసలు

గ్రంథాలయము ప్రభుత్వమువారి దానమని మన గ్రామములలో పలువురు తలంతురు. అది నిజము కాదు. 1948 లో మద్రాసు రాష్ట్రమున, ఎస్. ఆర్. రంగనాథన్ గారి కృషి ఫలితముగ, పౌర గ్రంథాలయముల చట్టము వచ్చెను. తెలంగాణమున 1955 నాటి హైదరాబాదు చట్ట ముండెను. ఆంధ్రప్రదేశ రాష్ట్రమునకు 1960 లో చట్ట మేర్పడెను. దాని ననుసరించి ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపు సెస్సు వసూలగుచున్నది. పంచాయతి గాని పురపాలక సంఘము గాని దీనిని పన్నుతో కలిపి వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలెను.

అయిదు వందల రూపాయల యింటిపన్ను గలవాడు నలువది రూపాయలు గ్రంథాలయమునకు ఇచ్చినవాడే యగుచున్నాడు. ఊరిలో అట్టి యిండ్లు నాలుగువందలున్నచో ఏటికి పదునాఱువేల రూపాయలు. మన సంఘములో వాటా చెల్లించిన సభ్యుడు లెక్కలు చూచుట తన హక్కని యెఱుగును. మహాజనసభలో లేచి యడుగును. గ్రంథాలయము విషయమున మాత్రము వాటా చెల్లించియు నోరు మెదపడు. తన ఊరి సెస్సు వసూలైనదా, జిల్లా సంస్థకు చేరినదా, చేరినచో తన ఊరి గ్రంథాలయమున క్రొత్త పుస్తకము లెన్ని వచ్చినవి యను మూడు ప్రశ్నలు గ్రామసభలో అడుగుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు.

క్రొత్త రూపములు మూడు

ఇక క్రొత్త సాధనముల సంగతి. ఫోనులో పుస్తకమనగా అంతయు ఒకటే యని యనుకొనరాదు. అందు మూడు రూపములు కలవు. వాని తేడా తెలియనిచో మోసపోదుము.

మొదటిది బొమ్మరూపము. అచ్చు పుస్తకపు పుట పుటకు ఛాయాచిత్రము తీసి వరుసగ కూర్చినది. పుట ఉన్నది ఉన్నట్లు కనబడును. ప్రాచీన గ్రంథములను కాపాడుటకు ఇది మేలైన త్రోవ. కాని చిన్న తెరపై అక్షరములు నలుసులవలె నుండును. పెద్దవి చేసినచో పంక్తి సగము తెర దాటి పోవును. అందు ఒక మాటను వెదకుటకు వీలుపడదు. ఇది కోసి కుప్ప వేసిన పైరు వంటిది. పంట ఇంటికి వచ్చినది గాని ఇంకను నూర్చలేదు.

రెండవది అక్షరరూపము. ఇందు ప్రతి యక్షరమును యంత్ర మెఱిగియుండును. చూపు మందగించిన వృద్ధుడు అక్షరములను వలసినంత పెద్దవి చేసికొనవచ్చును. పంక్తులు తెరకు తగినట్లు తామే సర్దుకొనును. ప్రత్తి యనియో మిరప యనియో వ్రాసి వెదకినచో ఆ పుట వెంటనే తెఱచుకొనును. ఇది నూర్చి తూర్పారబట్టిన ధాన్యము. 1991 లో ఏర్పడిన యూనికోడ్ అను సంకేత పద్ధతిలో తెలుగు లిపికి చోటు దొరకుటచే ఇది సాధ్యమైనది. అంతకు పూర్వము ఒక్కొక్క అచ్చుకూటము ఒక్కొక్క రకపు అక్షరములను వాడుకొనుటచే, ఒకరి యంత్రములో వ్రాసినది మఱియొకరి యంత్రములో చదువరాకుండెడిది.

బొమ్మను అక్షరముగ మార్చు యంత్రములును వచ్చినవి. అవి మన ఒత్తులను, గుణింతములను, ఒకదానిని పోలిన మఱియొక యక్షరమును చూచి తరచుగ తడబడును. కావున మనుష్యుడు కూర్చుండి తప్పులు దిద్దవలెను. తెలుగు వికీసోర్సు అను చోట ఎందఱో ఔత్సాహికులు జీతము లేకయే ఈ దిద్దుబాటు పని చేయుచున్నారు. ఒకరి చేనిలో ఒకరు బదులు చేసికొను రైతులకు ఈ పద్ధతి క్రొత్త కాదు.

మూడవది వినికిడి రూపము. పుస్తకమును ఒకరు చదువగా పట్టియుంచినది, లేదా యంత్రమే చదివి వినిపించునది. చదువురాని తల్లికిని, రోజెల్ల ఎండలో పనిచేసి కన్నులు మూతపడు రైతునకును ఇది యుపకరించును. చూపులేనివారికి ఇది వరము. అట్టివారికై గ్రంథములను అందుబాటు రూపములలోనికి మార్చుటకు వీలిచ్చు అంతర్జాతీయ సంధి 2013 లో మొరాకో దేశపు మర్రాకెష్ నగరమున కుదిరెను. 2014 లో దానిని మొట్టమొదట ధ్రువపఱచిన దేశము మనదే. 2016 లో సుగమ్య పుస్తకాలయ యను పేరుతో అట్టివారికై ఒక గ్రంథాలయమును తెఱవబడినది. మన యూళ్లలో చూపులేని విద్యార్థుల తలిదండ్రులు ఎందఱు దీనిని విని యుందురు?

పుస్తకము లెచ్చట దొరకును

తెలుగున పాత గ్రంథములు వేలకొలది ఇప్పటికే బొమ్మరూపమున నున్నవి. చిత్తూరు మండలపు కాటూరులో పుట్టి అమెరికాలో ఆచార్యుడైన రాజ్ రెడ్డి గారు మొదలగువారి ప్రోత్సాహమున ఈ శతాబ్ది యారంభములో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యను మహాకార్యము సాగెను. అందు తెలుగు గ్రంథములకు మంచి చోటు దొరకెను. తరువాత 2017 ప్రాంతమున ఆ స్థానము మూతపడెను. ఆ గ్రంథములలో చాల భాగమునకు ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్ అను విదేశ సంస్థ దాచియుంచుటచే అవి నేడును పాఠకులకు దొరకుచున్నవి. విత్తనమును రెండు గాదెలలో దాచుట యెంత మంచిదో ఇందువలన తెలియుచున్నది. 2018 లో ఖరగ్‌పూరు సాంకేతిక విద్యాసంస్థ ఆధ్వర్యమున జాతీయ డిజిటల్ గ్రంథాలయము దేశమునకు అంకిత మయ్యెను. దీనిని ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక. దొరకినదెల్ల పంచుట న్యాయము కాదు. మన దేశపు చట్టము ప్రకారము గ్రంథకర్త గతించిన తరువాత అఱువది సంవత్సరముల వఱకు హక్కు అతని వారసులది. 1919 లో గతించిన వీరేశలింగము గారి గ్రంథములు ఏనాడో అందఱి సొత్తైనవి. నేడు జీవించియున్న రచయిత పుస్తకమును ఊరకే నకలు తీసి పంచుట పరుల చేలో పంట కోయుట వంటిది.

ఎవరు, ఎప్పుడు, ఏ నేలకు

మొదట చెప్పిన ప్రత్తి రైతు సంగతికి మరల వత్తము. 2002 లో మన దేశమున బీటీ ప్రత్తికి అనుమతి కలిగెను. 2006 లో రెండవ తరము విత్తనము వచ్చెను. ఆ దినములలో అచ్చయిన పుస్తకమున ఈ విత్తనముతో కాయతొలుచు పురుగుల బాధ చాలవఱకు తీరునని యుండును. అది అప్పటికి నిజమే. కాని అటుపిమ్మట గులాబి రంగు పురుగు ఆ విత్తనములోని విషమును తట్టుకొనుట కలవడినది. నేడు శాస్త్రజ్ఞులు లింగాకర్షక బుట్టలు పెట్టి పురుగు ఉనికిని కనిపెట్టుచుండు మనియు, పంటను అదను దాటి పొడిగింపవలదనియు, ప్రత్తిమోళ్లను చేనిలో నిలువనీయవలదనియు చెప్పుచున్నారు. కాబట్టి పుస్తకమైనంత మాత్రమున నమ్మదగినది కాదు. ఫోనులో వచ్చినంత మాత్రమున అబద్ధమును కాదు. దేనిని చదివినను మూడు ప్రశ్నలు వేయవలెను: ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? ఏ నేలకు చెప్పిరి?

గుంటూరు చెంత లాములో నున్న ఆచార్య ఎన్. జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ప్రకటించు వ్యవసాయ పంచాంగము ఈ మూడు ప్రశ్నలకును సమాధానము చెప్పగల పుస్తకము. వ్రాసినవారు తెలిసినవారు, సంవత్సరము అట్టమీదనే యుండును, వ్రాసినది మన రాష్ట్రపు నేలలకై. అట్టి గ్రంథము బీరువాలో నున్నను, ఫోనులో నున్నను విలువ యొకటే. పదివేల మాటలలోనుండి అట్టిదానిని ఏరి రైతు చేతికిచ్చు మనుష్యుడు కావలెను. అతడే గ్రంథపాలకుడు. ఫోను ఈ పని చేయదు, గ్రంథాలయము చేయగలదు.

ఇంకొక సంగతి. నేడు పట్టణ గ్రంథాలయములకు పోయి చూచినచో ఉద్యోగ పరీక్షలకు చదువు యువతీయువకులే యెక్కువగ కనబడుదురు. వారిలో అనేకుల చేతులలో ఫోను లున్నవి. అయినను వా రచ్చటికి వచ్చుట కేల? ఇంటిలో లేని వెలుతురు, బల్ల, నిశ్శబ్దము అచ్చట దొరకును గనుక. రెండు గదుల యింటిలో చదువు ఆడపిల్లకు ఊరి గ్రంథాలయపు బల్ల యొక యాస్తి.

మన సంఘములు చేయదగిన పని

2022 లో కేంద్రప్రభుత్వము దేశమున 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు కంప్యూటరు సమకూర్చు పథకమునకు ఆమోద మిచ్చెను. కంప్యూటరు వచ్చినచోట అది పగలెల్ల అప్పుల లెక్కలు వ్రాయును. సాయంకాలము ఒక గంట అది గ్రంథాలయమునకు తోడు పడరాదా? మా సూచన లివి.

ఒకటి, రైతులకు పనికివచ్చు గ్రంథములను ఇరువది ముప్పది ఏరి, న్యాయముగ దొరకువానిని దింపి, సంఘ కార్యాలయమున నిలువ యుంచవలెను. సభ్యుడు వచ్చినప్పుడు ఇంటర్నెట్ లేకున్నను అతని ఫోనులోనికి ఎక్కింపవచ్చును. రెండు, వారమున కొక రాత్రి ఒకరు చదువగా పదిమంది వినునట్లు ఏర్పాటు చేయవలెను; పాత పద్ధతియే, పుస్తకమునకు బదులు తెర. మూడు, ప్రతి గ్రంథముపైనను వ్రాసినవారి పేరు, సంవత్సరము పెద్ద యక్షరములతో వ్రాసి యుంచవలెను. కాలము చెల్లిన సలహాలను వేఱు అఱలో పెట్టవలెను. నాలుగు, ఊరి పాత దస్తావేజులు, సంఘపు తొలినాటి మినిట్సు పుస్తకములు, ముసలివారి నోట నున్న పాటలు చెదపురుగునకును మృత్యువునకును చిక్కకముందే ఛాయాచిత్రములుగను ధ్వనిరూపముగను పట్టి, రెండు చోట్ల దాచవలెను. అయిదు, బీరువా తాళపుచెవి ఎవరియొద్ద నుండునో, ఏ వేళ తెఱతురో గోడపై వ్రాయింపవలెను. ఇందు డబ్బుతో పనిలేని కార్యములే యెక్కువ.

కుఱ్ఱవాండ్రు ఫోనుతో చెడిపోవుచున్నారు, మీరు ఇంకను ఫోనునే పొగడెదరా యని పెద్దలు కోపింపవచ్చును. ఫోను ఇప్పటికే వారి చేతిలో నున్నది. దానిని లాగికొనుట మన వశమున లేదు. దానిలో మంచి పుస్తక మొకటి పెట్టుట మన వశమున నున్నది. ఏటికి కట్ట కట్టలేనివాడు కనీసము తన చేనికి కాలువ త్రవ్వుకొనును గదా. ముసలివారికి ఇది రాదందురు. రానివారికి చదివి వినిపించుటకే మన పూర్వులు గ్రంథాలయములను పెట్టిరి.

1935 నాటి పడవలో మహాయంత్ర మేదియు లేదు; కొన్ని పుస్తకములు, ఒక తెడ్డు, పూనిక గల మనుష్యులు. అంత మాత్రముతో కాలువ గట్టుల వెంట ఊళ్లు చదువుకొన్నవి. మనకు అంతకన్న సాధనములు కలవు. సెస్సు రూపమున ధనమును మనమే యిచ్చుచున్నాము. కావున రాబోవు గ్రామసభలో మన సభ్యులు లేచి, ఆ యెనిమిది పైసల లెక్క యడిగి, తాళము తీయించి, తమ ఊరి బీరువాలో ఏమున్నదో కన్నులార చూతురుగాక యని కోరుచున్నాము.